వీధి కోళ్లకు చుక్కల మందు

మొన్న మా అల్లుడు వచ్చినప్పుడు మా వీధిలో కోళ్ల గూళ్ల మీద సుద్దముక్కతో రాసిన ‘పి’, ‘ఎక్స్’ గుర్తులు చూసి, “ఏందత్తా ఇది? కోళ్లకు కూడా సర్వే పెట్టారా?” అని అడిగాడు. రాసింది నేనే అని చెప్పడానికి కాస్త సిగ్గేసింది. ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్ఎంగా తిరిగి 2021లో రిటైరైన మనిషిని. చెయ్యి ఊరుకోదు.

తెలియనివాళ్లకు చెబుతాను. పల్స్ పోలియో రోజుల్లో ఇంటింటికీ తిరిగేటప్పుడు, ఆ ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలందరికీ చుక్కలు పడితే తలుపు మీద ‘పి’ అని రాస్తాం. ఒక్క బిడ్డ మిగిలిపోయినా ‘ఎక్స్’. మర్నాడు ఎక్స్ ఇళ్లకే మళ్లీ పోవాలి. పల్స్ పోలియోకు ఇంటింటికీ తిరగడం మొదలైనప్పటి నుంచి ఆ రెండు అక్షరాలు ఎన్ని తలుపుల మీద రాశానో లెక్కలేదు. ఇప్పుడు కోళ్ల గూళ్ల మీద రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలేనికి, అదే మా బుచ్చికి, ఆరు కిలోమీటర్ల దూరంలో, కనిగిరి రిజర్వాయరు కాలువ కింద ఊరు. చుట్టూ వరి కయ్యలే. ఇంటి వెనక పది సెంట్ల దొడ్డి, అందులో ఒక మునగచెట్టు, రెండు కొబ్బరిచెట్లు, గొడ్లు లేని గొడ్ల కొట్టం. మా అత్తమ్మకు ఎప్పుడూ మూడు పెట్టలు, ఒక పుంజు ఉండేవి. నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాక అవి పదిహేడు అయ్యాయి. నేను చేసిందేమీ లేదు. పొద్దునా సాయంత్రం నూకలు చల్లాను, అంతే.

2022 మే నెలలో, జొన్నవాడ తిరునాళ్ల రోజుల్లో, మా ఆయన సంతలో చవగ్గా వచ్చాయని రెండు పెట్టలను గోతంలో వేసుకొచ్చాడు. చూడ్డానికి బాగానే ఉన్నాయి. అప్పటికప్పుడే మా కోళ్లలో వదిలేశాం. ఆరో రోజు పొద్దున ఒక పెట్ట మూలన రెక్కలు వేలాడేసి కూర్చుంది. నూకలు చల్లినా లేవలేదు. దాని కింద పచ్చగా, సున్నం కలిపినట్టు రెట్ట. సాయంత్రానికి నోరు తెరిచి గురగురమని ఊపిరి తీస్తోంది. మర్నాడు ఇంకో నాలుగు. ఒక పుంజుకు మెడ మెలితిరిగిపోయి, నూకలకేసి ముక్కు పొడిస్తే అది వెనక్కి పోయి వీపు మీద పడేది. తినాలని ఉంది, ముక్కు మాట వినడం లేదు. ఆ పుంజును చూడలేక నేను లోపలికి వచ్చేశాను.

ఐదు రోజుల్లో మొత్తం పంతొమ్మిదీ పోయాయి. పశువుల డాక్టరు చూసి కొక్కెర తెగులు అన్నారు. రాణిఖేత్ అని పుస్తకాల్లో ఉండేది ఇదే. వచ్చాక మందు లేదు, రాకముందు టీకా ఉంది. కొట్టం వెనక గుంత తీసి, సున్నం చల్లి పూడ్చాం. ఆ రాత్రి అన్నం దగ్గర అత్తమ్మ ఎవరినీ ఉద్దేశించనట్టు, “ఊరందరి పిలకాయలకూ సూదులేసింది, ఇంట్లో కోళ్లకు ఎయ్యాలని తోచలా” అంది. మా ఆయన పళ్లెంలోంచి తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. టీకా ఎందుకు, నా బిడ్డకు బాగానే ఉంది గదా అన్న తల్లుల దగ్గర కూర్చుని ఎన్ని గంటలు వాదించానో నాకు తెలుసు. నా దొడ్లో మాత్రం బాగానే ఉన్నాయి గదా అనుకున్నాను.

నాలుగు నెలలకు పైగా కొట్టం ఖాళీగా పెట్టి, సున్నం కొట్టి, నేల మీద మట్టి పైపొర తీసి పారబోశాం. అక్టోబరులో అల్లూరు నుంచి మా చెల్లెలు ఒక నల్ల పెట్టను, ఒక కాకిడేగ పుంజును పంపింది. ఈసారి మా ఆయన్ని ముట్టుకోనివ్వలేదు. కొత్తగా వచ్చిన కోడిని పదిహేను రోజులు వేరుగా, అవతలి మూలన పెట్టడం మా ఇంట్లో అప్పుడు మొదలైన చట్టం. ఆ రోజున మా దగ్గర వేరే కోళ్లే లేవు, అయినా పెట్టాను. అత్తమ్మ నవ్వింది.

నల్ల పెట్ట రోజు మార్చి రోజు గుడ్డు పెడుతూ వచ్చింది. మొదటి గుడ్లు తినేసి, చివర్లో పెట్టినవీ, పక్కవీధిలో అడిగి తెచ్చినవీ కలిపి వారం లోపువే పదమూడు దాచాను. గుడ్డు వారం దాటితే పిల్ల లేవడం తగ్గుతుంది. నీళ్లకుండ పక్కన చల్లగా ఉండే చోట, తవుట్లో, సన్నటి కొన కిందికి ఉండేట్టు పెట్టాను. పెట్టకు పొదుగు వచ్చేసింది. గూట్లోంచి దించితే ఒళ్లంతా ఉబ్బించి కుక్కుక్కుమంటూ మళ్లీ అక్కడికే. బుట్టలో ఇసుక, ఇసుక మీద గడ్డి, గడ్డి మీద గుడ్లు. అత్తమ్మ వచ్చి ఇసుకలో ఒక ఇనుప మేకు, ఒక బొగ్గుముక్క పెట్టింది. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండానట. ఇనుముకూ ఉరుముకూ ఏం సంబంధమని నేను అడగలేదు. ఆ టైములో ఆమెతో వాదించే ధైర్యం నాకు లేదు.

ఏడో రోజు రాత్రి పెట్ట కింద చెయ్యి పెట్టి ఒక్కో గుడ్డూ తీసి, సెల్‌ఫోన్ టార్చి మీద నిలబెట్టి చూశాను. చీకట్లో గుడ్డు ఎర్రగా వెలిగింది. మధ్యలో చిన్న చుక్క, దాని నుంచి నాలుగు వైపులా సాలెపురుగు కాళ్లలా రక్తనాళాలు. చుక్క కొద్దిగా కదిలింది. ఎన్ని కాన్పులు చూశాను, ఎందరు గర్భిణుల పొట్ట మీద చెవి ఆనించి విన్నాను! గుడ్డు లోపల కదలడం మాత్రం ఆ రోజే చూశాను. రెండు గుడ్లు తెల్లగా, ఏమీ లేకుండా ఉన్నాయి. తీసేశాను. లేకపోతే అవి మురిగి, పగిలి, మిగతా వాటినీ పాడుచేస్తాయి.

పెట్ట రోజుకొక్కసారే దిగేది. గబగబా తిని, నీళ్లు తాగి, ఇంత పెద్ద కంపు రెట్ట వేసి, పావుగంటలో మళ్లీ ఎక్కేది. ఇరవయ్యో రోజు రాత్రి గుడ్డు చెవి దగ్గర పెట్టుకుంటే లోపల కిచకిచ. ఇరవై ఒకటో రోజు పొద్దున మొదటి చిల్లు.

ఇక్కడ ఒక తప్పు చేశాను. మధ్యాహ్నానికి ఎనిమిది బయటికొచ్చాయి. ఒక గుడ్డుకు చిల్లు పడి నాలుగు గంటలైనా పిల్ల రావడం లేదు. నా చేతులు ఊరుకోలేదు. గోటితో పెంకు కొద్దిగా ఒలిచాను. పెంకు లోపలి పొర వెంటే సన్నగా రక్తం వచ్చింది. చిల్లు పడ్డాక కూడా పిల్ల లోపల పచ్చసొనను కడుపులోకి లాక్కుంటూ, పొరలోని రక్తాన్ని ఒంట్లోకి తీసుకుంటూ ఉంటుంది. దానికి పూట కాదు, ఒక్కోసారి రోజు పడుతుంది. కాన్పులో తొందరపడొద్దని ఎంతమంది కుర్ర నర్సులకు చెప్పానో! ఆ పిల్ల సాయంత్రానికి పోయింది. ఇంకొకటి నేను ముట్టుకోకుండానే మర్నాడు పొద్దున వచ్చింది. పదకొండో గుడ్డు చివరిదాకా కదల్లేదు. మొత్తం తొమ్మిది.

మొదటి రోజు మేత పెట్టనక్కర్లేదు, కడుపులో ఆ సొన ఉంటుంది. ఆ తర్వాత సన్న నూకలు. అత్తమ్మ పాత కుండలో పేడా ఎండుగడ్డీ కుక్కి, నీళ్లు చల్లి, పుట్ట దగ్గర బోర్లించింది. రెండు మూడు రోజులకు తెచ్చి దులిపితే కుప్పలుగా చెదపురుగులు. పిల్లలు వాటి మీద పడి తినడం చూడాలి! తొమ్మిదింట్లో రెండింటిని గద్ద తన్నుకుపోయింది. మిగిలిన ఏడింట్లో నాలుగు పుంజులే. గుడ్ల కోసం పిల్లల్ని లేపితే సగం పుంజులే వస్తాయి, వాటితో ఏం చేస్తామన్నది మా ఆయనకు మాత్రం సమస్యే కాదు.

గద్ద రాకముందు మాట. కొక్కెర తెగులు రాకుండా ఏడో రోజున కంట్లో లసోటా టీకా చుక్కలు వేయాలి. బుచ్చిలో మందుల అంగడికి పోయి అడిగితే వంద డోసుల సీసా ఇచ్చాడు. అంతకన్నా చిన్నది లేదు. నా దగ్గర తొమ్మిది పిల్లలు, రెండు పెద్దవి. పొడిమందును నీళ్లలో కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయడమే. ఎనభై తొమ్మిది డోసులు! తట్టు టీకా సీసా తెరవడానికి పిల్లలు పోగయ్యేదాకా కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. ఆ సాయంత్రం నోటుపుస్తకం పట్టుకుని వీధంతా తిరిగాను. ఇల్లు, పెద్దవి ఎన్ని, పిల్లలు ఎన్ని. పదిహేడు ఇళ్లు, నూట ముప్పై చిల్లర కోళ్లు. “పొద్దున ఐదున్నరకు వస్తా, గూళ్లు తెరవొద్దు” అని చెప్పాను. తెల్లారి కోడి బయటపడితే దాన్ని పట్టడం ఎవరి వల్లా కాదు.

చల్లదనానికి ఫ్లాస్కులో ఐసుముక్కలు, వాటి మధ్య సీసా. రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు, అదే పాత లెక్క. కోడిని చంకలో ఇరికించి, తల పక్కకు తిప్పి పట్టుకుంటే కన్ను పైకి వస్తుంది. ఒక చుక్క. కన్ను కాసేపు మెరుస్తూ ఉంటుంది, తర్వాత రెప్ప ఆర్పుతుంది. ఆర్పేదాకా వదలకూడదు, లేకపోతే తల విదిల్చి చుక్కను మన మొహాన కొడుతుంది. కొట్టింది కూడా. ఆ మందు మన కంట్లో పడితే కన్ను ఎర్రబడుతుంది కాబట్టి చేతులు సబ్బుతో కడుక్కున్నాకే మొహం తుడుచుకోవాలి.

వేసినవేవో వేయనివేవో తెలియక మొదటి ఇంట్లోనే గందరగోళమైంది. పోలియో రోజున పిల్లల ఎడమచేతి చిటికెన వేలికి ఇంకు పెట్టేవాళ్లం. కోడికి చిటికెన వేలేది? మా మనవరాలి గోళ్లరంగు సీసా తీసుకొచ్చి కాలిగోటికి ఒక గీత గీశాను. ఆ రోజు మా వీధిలో డెబ్బై నాలుగు కోళ్లు గులాబీరంగు గోళ్లతో తిరిగాయి. పాలవాడు చూసి వారంపాటు నవ్వాడు.

ఏడు పిల్లలు పెరిగి, ఎదిగిన పెట్టలు పొదిగి, 2023 చివరికి చిన్నా పెద్దా కలిపి ముప్పై ఒకటి అయ్యాయి. ఒకేసారి రెండు పెట్టలు పిల్లల్ని దించితే, ఒక బ్యాచిని తీసి అట్టపెట్టెలో ఊక పోసి బల్బు కింద పెంచాను. ఆ బల్బు కోసం పడ్డ తిప్పలు వేరే. ఇప్పుడన్నీ ఎల్ఈడీలే, వెలుగిస్తాయి కానీ వేడివ్వవు. పాత ఫిలమెంటు బల్బు ఒకే ఒక్కటి అంగడాయన అటక మీద దొరికింది. పిల్లలు బల్బు కింద గుంపుగా చేరితే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువ. అంతకు మించి థర్మామీటరు అక్కర్లేదు.

2024 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ వచ్చింది. పొదలకూరు మండలం చాటగుట్ల, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బల్లో చనిపోయిన కోళ్ల నమూనాలు భోపాల్ పంపితే అదేనని తేలింది. కోవూరంటే మాకు పక్కే. చికెన్ అంగళ్లు మూశారు. ఒకటే టెన్షన్. మా కోళ్లను కొట్టంలోనే ఉంచి, కాలువ వైపు వదల్లేదు, అక్కడ కొంగలు దిగుతాయి. లసోటా వేశాం గదా మనకేం కాదు అని వీధిలో ఒకరిద్దరు అన్నారు. అది వేరు, ఇది వేరు, ఆ చుక్కలు దీనికి పనిచెయ్యవని ఇల్లిల్లూ తిరిగి చెప్పాల్సొచ్చింది. మా వీధి దాకా రాలేదు.

ఇప్పుడు మా దగ్గర నలభై ఆరు. రెండు నెలల వయసు దాటిన వాటికి రెక్క కింద ఆర్టూబీ సూది కూడా వేస్తున్నాను, అదీ కొక్కెర తెగులు టీకానే. సూది పట్టుకుంటే మాత్రం నాకు చెయ్యి వణకదు.

ఇక ఎక్స్ గుర్తు సంగతి. వీధిలో ఒకే ఒక్క ఎక్స్ గూడు ఉంది, మా ఎదురింటి వదినది. “మందేస్తే గుడ్లు మానేస్తాయంట గదా” అంటుంది. రెండు రోజులు కొద్దిగా డల్‌గా ఉంటాయి, ఆ మాట దాచను. జ్వరమొస్తుందని బిడ్డను దాచిపెట్టిన తల్లులకూ నేను జ్వరం రాదని చెప్పలేదు. వచ్చినా రెండు రోజుల్లో పోతుందని చెప్పాను. వదిన వినదు. మూడుసార్లు పోతే మూడుసార్లూ గూటికి తాళం.

పోయిన నెల ఐదున్నరకు సీసా కలిపాను. ఏడున్నరకు మిగిలిన మందును మరిగే నీళ్లలో పోసేశాను. ఎనిమిదింపావుకు వదిన బుట్టలో నాలుగు పెట్టల్ని పెట్టుకుని వచ్చింది. “ఒక్కో చుక్కన్నా లేదా నర్సమ్మా?” అంది. లేదన్నాను. ఉన్నా టైము దాటింది, వెయ్యను అని కూడా అన్నాను. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది. అప్పటి నుంచి మాటల్లేవు. ఆమె ఎర్ర పెట్ట మాత్రం రోజూ గోడ దూకి వచ్చి మా నూకలు తినిపోతోంది. దాన్ని చూసినప్పుడల్లా పట్టుకుని కంట్లో చుక్క వేసేద్దామా అనిపిస్తుంది. అడగకుండా వేయకూడదు.

నల్ల పెట్ట మళ్లీ పొదుగు మీద ఉంది, ఇవాళ్టికి పంతొమ్మిదో రోజు. పిల్లలు లేచాక ఏడో నాటికి కొత్త సీసా తేవాలి. ఆ రోజు ఐదింటికే, వేరే ఏ ఇంటికీ పోకముందు, వదిన తలుపు కొడతాను. మాట్లాడకపోయినా ఫర్లేదు, గూటి తాళంచెవి ఇస్తే చాలు.