ఈవెంట్స్ కోసం ట్రెడ్‌మిల్ కొంటున్నారా? మా రూమ్ అనుభవం చదివి కొనండి

2022 తెలంగాణ పోలీస్ నోటిఫికేషన్‌కి నేను కానిస్టేబుల్ పోస్టుకి ప్రిపేర్ అయ్యాను. ప్రిలిమ్స్‌కి ఏ పుస్తకాలు చదవాలి, అరిథ్‌మెటిక్ ఎలా చేయాలి అనేవి చాలామంది రాశారు, వాటి జోలికి పోను. నేను రాసేది ఈవెంట్స్‌లో, అంటే ఫిజికల్ టెస్టుల్లో ఉండే 1600 మీటర్ల పరుగు గురించి, అంతకంటే ముఖ్యంగా దాని కోసం మేం కొన్న ట్రెడ్‌మిల్స్ గురించి. మొదటిసారి 26 వేలు నష్టపోయాం. నలుగురం తలా ఇంత వేసుకుని, ఇళ్లలో అడిగి తెచ్చిన డబ్బు అది.

గ్రౌండ్ ఉండగా ట్రెడ్‌మిల్ ఎందుకని అడుగుతారు. హన్మకొండలో మాది గ్రౌండ్ ఫ్లోర్ రూమ్, జేఎన్ఎస్ స్టేడియం దూరమేం కాదు. కానీ నేను మెడికల్ షాపులో రాత్రి పది దాకా పని చేసేవాణ్ణి, ఇంకో ఇద్దరిది ఉదయం షిఫ్టు. జూన్ నుంచి వానలు, రాత్రి రోడ్డు మీద పరిగెడితే కుక్కలు వెంటపడేవి. వారంలో మూడు రోజులు రన్నింగ్ మిస్సవుతుంటే అప్పటిదాకా పెరిగిన స్టామినా మళ్లీ మొదటికి వచ్చేది, ఆ టెన్షన్ అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది.

మేం చేసిన మొదటి తప్పు లెక్క వేసుకోకపోవడం. మగవాళ్లకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో అంటే గంటకి దాదాపు 13.25 కిలోమీటర్ల స్పీడు. మేం కొన్న ఇంటి మెషీన్ మ్యాగ్జిమమ్ స్పీడే 12! అంటే దాని మీద ఎంత పరిగెత్తినా మాకు కావలసిన స్పీడు ఒక్క నిమిషం కూడా ప్రాక్టీస్ కాదు. పైగా 400 మీటర్ల రిపీట్లు, అంటే మధ్యలో రెస్ట్ ఇచ్చుకుంటూ మళ్లీ మళ్లీ 400 కొట్టాలంటే టార్గెట్ కంటే ఎక్కువలో, 14.5 లేదా 15లో కొట్టాలి. అందుకే మగవాళ్లు 16 కంటే తక్కువ స్పీడున్న మెషీన్ వైపు చూడకండి, 18 ఉంటే ఇంకా నయం. ఎస్ఎస్సీ జీడీకి, అంటే కేంద్ర బలగాల కానిస్టేబుల్ పోస్టులకి వెళ్లే మగవాళ్లకి 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో, అంటే 12.5, అదీ ఏకధాటిగా. తెలంగాణలో అమ్మాయిలకి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు, అది 9 స్పీడే, కాబట్టి వాళ్లకి 12, 14 మెషీన్ స్పీడు పరంగా సరిపోతుంది.

స్పీడు తర్వాత మోటార్. ఇక్కడే ఎక్కువమంది మోసపోతున్నారు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసే హార్స్ పవర్ చాలాసార్లు పీక్, అంటే కాసేపు మాత్రమే ఇవ్వగలిగేది. గంటల తరబడి ఆగకుండా ఎంత ఇస్తుందో అది కంటిన్యూయస్ హెచ్‌పీ, స్పెసిఫికేషన్లలో సీహెచ్‌పీ అని ఉంటుంది. మా మెషీన్ మీద 4 అని ఉంది, లోపల చూస్తే కంటిన్యూయస్ 2. నలుగురం, ఒక్కొక్కరం 70 నుంచి 85 కిలోలు, తలా 40 నిమిషాలు అంటే రోజుకి రెండున్నర గంటలు దాటింది. ఇరవై రోజులకే మోటార్ దగ్గర కాలిన వాసన, 11 దాటితే బెల్టు జారడం మొదలైంది. అడుగు వేయగానే బెల్టు ఒక క్షణం ఆగి మళ్లీ అందుకునేది, ఆ కుదుపుకి మా రూమ్మేట్ ఒకతనికి పిక్క పట్టేసి పది రోజులు రన్నింగే లేదు.

కంపెనీకి ఫోన్ చేస్తే ఇది హోమ్ యూజ్ వారంటీ, ఒక కుటుంబానికి మాత్రమే, రూమ్‌లో పదిమంది వాడితే వర్తించదన్నారు. వారంటీ కార్డులో ఆ మాట నిజంగానే ఉంది, మేం చదవలేదు. మీరు షేరింగ్‌లో కొంటున్నా, స్టడీ హాల్‌లో పెట్టుకుంటున్నా కొనేముందే ఈ ముక్క అడగండి.

చివరికి బయటి మెకానిక్‌ని పిలిపించాం. ఆయన బెల్టు పక్క నుంచి చెయ్యి లోపలికి పోనిచ్చి, వేళ్లు బయటికి తీసి మాకు చూపించాడు, తడి అనేదే లేదు, నల్లటి పొడి అంటుకుంది. వైరుకి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ తగిలించి నన్ను నడవమన్నాడు, 9 ఆంపియర్ల దాకా పోయింది. సిలికాన్ ఆయిల్ వేసి పది నిమిషాలు తిప్పాక అదే స్పీడులో 6. "బెల్టు ఎండిపోతే భారమంతా మోటరే గుంజాలె తమ్మీ, ముందు బోర్డు పోతది, తర్వాత మోటరు" అన్నాడు. బోర్డు అంటే మోటార్‌ని కంట్రోల్ చేసే సర్క్యూట్, మాది వారంలో పోయింది కూడా. ఆయిల్ అంటే సిలికాన్ ఆయిలే, కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వేసి చాలామంది బెల్టు పాడుచేసుకుంటున్నారని కూడా ఆయనే చెప్పాడు.

రెండోసారి మూసేసిన ఒక జిమ్ నుంచి సెకండ్ హ్యాండ్ కమర్షియల్ మెషీన్ 58 వేలకి తీసుకున్నాం. ఏసీ మోటార్, 3 హెచ్‌పీ కంటిన్యూయస్. డీసీ మోటార్లలో మామూలుగా కార్బన్ బ్రష్‌లు అరుగుతాయి, ఏసీ వాటిలో ఆ బాధ లేదు, గంటల కొద్దీ తిప్పినా తట్టుకుంటాయి. బెల్టు 150 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు. ఈ పొడవు చిన్న విషయం అనుకోవద్దు, ఆ స్పీడులో నిమిషానికి 170 అడుగులు వేసినా ఒక్కో అడుగు 1.3 మీటర్లు పడుతుంది, పాత మెషీన్ 120 సెంటీమీటర్లే కాబట్టి నా కాలు ముందున్న మోటార్ కవర్‌కి తగిలేది, భయంతో అడుగు కుదించుకుని పరిగెత్తే అలవాటైంది. దాన్ని మానుకోవడానికి నెల పట్టింది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు షూస్ వేసుకునే వెళ్లండి. మీలో బరువైన మనిషిని ఎక్కించి 14లో ఐదు నిమిషాలు పరిగెత్తించండి, బెల్టు జారుతుందా, ఫ్రేమ్ ఊగుతుందా చూడండి. తర్వాత నెమ్మదిగా 3లో నడిపించండి, తక్కువ స్పీడులో బరువు పడితే మోటార్‌కి ఇంకా కష్టం, తేడా ఉంటే అక్కడ బయటపడుతుంది. ఆఫ్ చేసి బెల్టు కింద చెక్కని తడిమి చూడండి, మధ్యలో గుంటలా అరిగి ఉంటే రేటు తగ్గించమనండి లేదా వదిలేయండి. మనిషి బరువు లిమిట్ మీ బరువు కంటే కనీసం 30 కిలోలు ఎక్కువ ఉండాలి.

ఇంట్లో 16 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తింగ్ తప్పనిసరి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టొద్దు. వెనక ఆరడుగుల ఖాళీ వదలండి, సేఫ్టీ క్లిప్ చొక్కాకి పెట్టుకోకుండా ఎక్కొద్దు.

ప్రాక్టీస్ ఎప్పుడూ 1 శాతం ఇంక్లైన్ (ముందువైపు ఎత్తు) పెట్టే చేశాం, ఎందుకంటే మెషీన్ మీద ఎదురుగాలి ఉండదు. అయినా వారానికి రెండుసార్లు గ్రౌండ్ మానలేదు. మలుపులు, స్టార్టింగ్‌లో తోపులాట, పక్కవాడి స్పీడు చూసి మొదటి రౌండ్‌లోనే ఊపిరి అయిపోవడం, ఇవి మెషీన్ నేర్పదు. డిసెంబరులో ఈవెంట్స్‌కి నాకు 6 నిమిషాల 48 సెకన్లు వచ్చింది, రూమ్‌లో నలుగురికీ 1600 క్వాలిఫై అయింది. ఆ మెషీన్ ఇప్పుడు మా తర్వాత ఆ రూమ్‌లో దిగిన తమ్ముళ్ల దగ్గర ఉంది, ఒకసారి బెల్టు మార్చారు, మోటార్ మాత్రం అదే. ఆయిల్ వేసిన తేదీలు గోడ మీద క్యాలెండర్‌లో రాస్తున్నారట.