ఇంట్లో డయాలసిస్: పదకొండు నెలల నా అనుభవం

నిన్న మధ్యాహ్నం బీమా సొమ్ము నా ఖాతాలో జమ అయినట్లు ఫోనుకు సందేశం వచ్చింది. అడిగినదంతా రాలేదు. అయినా ఏడు నెలలు తిరిగి తిరిగి సాధించుకున్న డబ్బు కనుక ఆ సందేశాన్ని నా భార్యకు రెండుసార్లు చదివి వినిపించాను. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మా వీధిలోనే కిడ్నీ జబ్బుతో నలుగురు పోవడం చూసినవాడిని కనుక, ఇంట్లో డయాలసిస్ చేయించుకోవాలనుకునేవారికి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ఈ పదకొండు నెలలకు ముందు ఎనిమిది నెలలు వారానికి మూడు రోజులు డయాలసిస్ కేంద్రానికి వెళ్లి, రోజుకు నాలుగు గంటలు మిషను పక్కన పడుకునేవాడిని. డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలను కలిపి వేసిన ఫిస్టులా రెండుసార్లు మూసుకుపోయింది. మూడో గంట దాటేసరికి బీపీ పడిపోయి కళ్లు తిరిగేవి. గుండె బలహీనంగా ఉందనీ, రక్తం డయాలసిస్ నాకు పడదనీ చెప్పి, విశాఖపట్నంలో నన్ను చూసే నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) పొట్ట డయాలసిస్‌కు మారమన్నారు. పొట్టలోకి రెండు లీటర్ల ద్రవం ఎక్కిస్తే, అందులోని గ్లూకోజు ఒంట్లోని అదనపు నీటిని లాగుతుందనీ, పేగులను కప్పి ఉండే పలుచని పొర జల్లెడలాగా పనిచేసి మలినాలను ఆ ద్రవంలోకి వదులుతుందనీ, కొన్ని గంటల తర్వాత దాన్ని దించి కొత్తది ఎక్కించుకోవాలనీ ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. దీనికి కరెంటు అక్కర్లేదని, సంచిని ఎత్తున తగిలిస్తే ద్రవం దానంతటదే దిగుతుందని విన్న క్షణంలోనే నేను ఒప్పుకున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు కొబ్బరి చెట్లతోపాటు కరెంటు స్తంభాలూ కూలి మేము రోజుల తరబడి చీకట్లో ఉన్నాము. మిషను మీద ఆధారపడినవారు అప్పుడు పడ్డ అవస్థ నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుంది.

ద్రవం ఎక్కించి దించడానికి పొట్టలోకి గొట్టం వేసే ఆపరేషను సులువుగానే జరిగింది. రెండు వారాలు పుండు మానేదాకా ఆగి మొదలుపెట్టాము.

శిక్షణ ఇవ్వడానికి వచ్చిన సిస్టరు మా ఇంట్లో ముందుగా ఒక గదిని ఖాళీ చేయించారు. రోజుకు నాలుగు సంచులంటే నెలకు 120, అంటే ద్రవమే 240 లీటర్లు, కాబట్టి పెట్టెలకే ఒక గోడ పూర్తిగా పోయింది. సంచి మార్చేటప్పుడు ఫ్యాను ఆపాలి, తలుపు వేయాలి, మాస్కు కట్టుకోవాలి, ఉంగరం తీసి వేళ్ల సందులు, గోళ్ల కింద సబ్బుతో రుద్ది కడుక్కోవాలి. మూత లోపలి భాగాన్ని వేలు తాకితే ఆ మూతను పారేయాల్సిందే, గొట్టం కొనను తాకితే వెంటనే సిస్టరుకు చెప్పాల్సిందే. మొదటి రోజున నేను ఆరు మూతలు పారేశాను, ఆమె విసుగన్నది లేకుండా ఏడోది అందించారు. దించిన సంచిని దినపత్రిక మీద పెట్టి కింది అక్షరాలను చదివి చూడమనడం కూడా ఆమె నేర్పిందే. అక్షరాలు స్పష్టంగా కనబడితే ద్రవం శుభ్రంగా ఉన్నట్టు, మసకగా కనబడితే పొట్టలో ఇన్‌ఫెక్షను మొదలైనట్టు. ఆ సంచిని పారేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పదకొండు నెలల్లో నాకు ఒక్కసారి కూడా ఆ ఇన్‌ఫెక్షను రాలేదని గర్వంగా చెప్పగలను. ఇంకొక సంగతి ఎవరూ ముందుగా చెప్పరు: మలబద్ధకం ఉంటే ద్రవం సరిగా దిగదు. గొట్టం పాడైందని నేను రెండు రోజులు భయపడ్డాక సిస్టరు ఫోనులోనే కారణం పట్టుకున్నారు.

సహకార పరపతి సంఘంలో ముప్ఫై ఏళ్లు కార్యదర్శిగా పనిచేసినవాడిని, ఒక్క ఆడిట్‌లోనూ నా లెక్క తప్పు పట్టలేదు. అదే పద్ధతిలో ప్రతి సంచి ఎక్కిన వేళ, దిగిన వేళ, బరువు, తేడా, బీపీ, ఉదయపు తూకం, అన్నీ ఒక నోటుపుస్తకంలో గళ్లు గీసి రాస్తున్నాను. నెఫ్రాలజిస్టు ప్రతి నెలా ఆ పుస్తకం చూశాకే మందులు మారుస్తారు.

నన్ను కుంగదీసిన ఘట్టం బీమా కార్యాలయంలో జరిగింది. సంచులకు, మందులకు నెలకు దాదాపు 28 వేలు అవుతోంది. మా అబ్బాయి ఉద్యోగం తరఫున వచ్చిన పాలసీలో నా పేరు ఉంది, పాలసీ పుస్తకంలో ఒక్కరోజు చికిత్సల పట్టికలో డయాలసిస్ అని స్పష్టంగా అచ్చయి ఉంది. నాలుగు నెలల బిల్లులు పంపితే, ఆసుపత్రిలో చేరిన ఆధారం లేదని తిప్పి పంపారు. రెండోసారీ అదే జవాబు వచ్చేసరికి, పొట్టలో రెండు లీటర్ల నీళ్లతోనే రైలెక్కి, నా భార్యను తోడు తీసుకొని విశాఖపట్నంలోని వారి కార్యాలయానికి వెళ్లాను. కౌంటరులో ఉన్న కుర్రవాడికి మా మనవడి కన్నా నాలుగైదేళ్లు ఎక్కువ ఉంటాయేమో. "ఆసుపత్రిలో చేరకుండా వైద్యమేమిటండీ, డిశ్చార్జి సమ్మరీ ఏదీ?" అన్నాడు. నేను నోటుపుస్తకం తెరిచి ముందు పెట్టాను. రెండు పేజీలు తిప్పి, "ఇది మీరు రాసుకున్నది. ఎవరైనా రాసుకోవచ్చు" అని పక్కకు నెట్టాడు. ముప్ఫై ఏళ్లు నా చేతిరాతను నమ్మి రైతులు అప్పు పత్రాల మీద వేలిముద్రలు వేశారు. ఆ మాటకు నాకు నోట మాట రాలేదు.

ఆ తర్వాత అతను, "అసలు మీకు గొట్టం ఉందని మాకెలా తెలుస్తుంది, ఒకసారి చూపించండి" అన్నాడు. హాలులో పదిమందికి పైగా కూర్చొని ఉన్నారు, అందులో ఆడవాళ్లూ ఉన్నారు. లోపలి గదిలోకి వస్తానన్నాను. గదులు లేవన్నాడు. నా భార్య తన కొంగు చాపి అడ్డంగా నిలబడితే, నేను చొక్కా పైకెత్తి, నడుముకు కట్టుకున్న గుడ్డ పట్టీ విప్పి, బొడ్డు పక్కనున్న గొట్టాన్ని చూపించాను. అతను ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. తీసుకొని, "ఫొటో మాత్రం సరిపోదండీ, పైవాళ్లకు సమ్మరీ కావాల్సిందే" అన్నాడు. మరి నా చొక్కా ఎందుకు ఎత్తించినట్టు? జబ్బు మనిషి ఒంటిని చూడాలంటే డాక్టరైనా తెర లాగి చూస్తాడు. ఆసుపత్రిలో మంచం మీద పడి ఉన్నవాడే రోగి, ఇంట్లో నిలబడి తన వైద్యం తాను చేసుకునేవాడు అబద్ధాలకోరు అనుకునే చోట, ఎంత చదువుకున్నవారు కూర్చున్నా న్యాయం జరగదు. ఆ రోజు మధ్యాహ్నపు సంచిని రైల్వే స్టేషను దగ్గరి లాడ్జి గదిలో, కిటికీ ఊచకు తాడు కట్టి తగిలించి ఎక్కించుకున్నాను. ఆ రోజు లెక్క నా భార్య రాసింది. నా చెయ్యి వణుకుతూనే ఉంది.

ఈ సంగతి విన్న సిస్టరు ఆ వారమే దారి చూపించారు. ఇంటికి వచ్చిన ప్రతిసారీ తేదీ, బరువు, బీపీ, గొట్టం చుట్టూ చర్మం ఎలా ఉందన్నది ఒక కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చారు. పొట్ట డయాలసిస్ కూడా డయాలసిసేననీ, దీనికి రోగి ఆసుపత్రిలో చేరనక్కర్లేదనీ నెఫ్రాలజిస్టుతో ఉత్తరం రాయించారు. 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమంలో 2019లో ఈ పద్ధతికి కూడా మార్గదర్శకాలు ఇచ్చారన్న విషయాన్ని నేను నా లేఖలో చేర్చాను. అన్నీ జతచేసి కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపుతూ, 30 రోజుల్లో జవాబు రాకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరకు వెళ్తానని చివర రాశాను. అక్కడ ఫిర్యాదు చేయడానికి రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, ఈ మాట అందరూ గుర్తుపెట్టుకోండి. 26వ రోజున కంపెనీ వాళ్లే ఫోను చేశారు.

మొదలుపెట్టబోయేవారు గది కన్నా ముందు పాలసీ పుస్తకం చదవండి. ఒరిజినల్ బిల్లులు ఎవరి చేతికీ ఇవ్వకండి, ఇవ్వక తప్పకపోతే నకలు మీద తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. సిస్టరు వచ్చిన రోజునే ఆమె చేత సంతకం చేయించుకోండి, నెలాఖరున ఒక్కసారిగా అడిగితే ఆమెకూ కష్టం, కాగితానికీ విలువ ఉండదు. పరామర్శకు వచ్చేవారిని సంచి మార్చే గదిలోకి రానివ్వకండి, అలిగినా సరే.

వచ్చిన సొమ్ములో మాస్కులు, గాజుగుడ్డల ఖర్చు కోసేశారు, దానికి నేను బాధపడను. సిస్టరు ఇంటికి వచ్చినందుకు ఇచ్చిన రుసుము కూడా వైద్యం కాదని కొట్టేశారు. నన్ను పదకొండు నెలలుగా ఆసుపత్రిలో చేరే అవసరం రాకుండా కాపాడింది ఆమె రాకలే కదా. నిన్న రాత్రి పది గంటల సంచి ఎక్కుతుండగా ఫిర్యాదుల అధికారికి ఆ ఒక్క పద్దు మీద ఇంకో లేఖ రాశాను. ఈ ఉదయం స్పీడ్ పోస్టులో వేసి, రసీదు నోటుపుస్తకంలో అంటించాను.