సిమిలిగుడ చలిలో వేడెక్కని ఇంజను

డిసెంబరు చివరి వారంలో జయపురంలోని మేనత్తగారి ఇంటికి బయలుదేరినప్పుడు, దారిలో దేవమాలి కొండ ఎక్కి వద్దామని మా ఆవిడ పట్టుబట్టింది. 1,672 మీటర్లతో ఒడిశాలోకెల్లా ఎత్తైన ఆ శిఖరాన్ని మేము చూడలేదు. రెండు రోజులపాటు మేము చూసినదల్లా సిమిలిగుడ రోడ్డు పక్కనున్న ఒక రేకుల షెడ్డు, అందులో బానెట్ ఎత్తి నిలబెట్టిన, ఇంజనుతోపాటు బ్యాటరీ మోటారుతోనూ నడిచే మా హైబ్రిడ్ కారు. ఇది అరకు దగ్గర రైలు ఆగే శిమిలిగూడ కాదు, కొరాపుట్ జిల్లాలో సునాబెడకు ముందు వచ్చే ఊరు. మా బావమరిది కూడా పొరబడి మూడుసార్లు ఫోను చేశాడు.

సాలూరు దాటేదాకా చెప్పుకోదగినది ఏమీ లేదు. సుంకి ఘాటు ఎక్కుతుంటే మాత్రం నాన్నగారి అంబాసిడర్ గుర్తుకు వచ్చింది. ఆ రోజుల్లో ఈ ఘాటు సగం ఎక్కేసరికి రేడియేటరు బుసలు కొట్టేది. నాన్నగారు బండి పక్కకు తీసి, మూతపై తడిగుడ్డ వేసి, డబ్బాలోని నీళ్లు పోయడానికి అరగంట ఆగేవారు. అందుకే ఇంజను అంటే వేడెక్కే జబ్బు ఒక్కటే ఉంటుందని నాకు చిన్నప్పటినుంచీ నమ్మకం. స్టీరింగు కింద తగిలించిన, ఇంజను లెక్కలను ఫోనుకు పంపే ఓబీడీ రీడరు, ఎక్కుడులో 80 డిగ్రీలు చూపిన కూలెంటు (ఇంజనును చల్లబరిచే ద్రవం) పొట్టంగి దాటి చదును రోడ్డు రాగానే 58కి జారిపోయిందని ఫోనులో చూపినప్పుడు, నిజం చెప్పాలంటే, నేను సంతోషించాను.

ఆ సంతోషం సిమిలిగుడ లాడ్జిలో తెల్లవారేదాకానే నిలిచింది. కొత్త సంవత్సరం రద్దీ పేరు చెప్పి 2,800 రూపాయలు తీసుకున్న ఆ గదిలో వేడినీళ్లు రాలేదు. కారులోనైనా వెచ్చగా కూర్చుందామంటే హీటరు ఇరవై నిమిషాల తరువాత కూడా చల్లటి గాలినే వదిలింది. మామూలుగా హైబ్రిడ్ కారు ఆగి ఉన్నప్పుడు, కూలెంటు తగినంత వేడెక్కి బ్యాటరీలో చార్జి ఉంటే, ఇంజను తనంతట తాను ఆగిపోతుంది. చల్లగా ఉన్నంతసేపూ తనను తాను వేడి చేసుకోవడానికి అది తిరుగుతూనే ఉంటుంది. లీటరుకు 22 కిలోమీటర్లు ఇచ్చే బండి రెండు నెలలుగా 16 దగ్గర ఎందుకు కొట్టుకుంటున్నదో నాకు అప్పుడు అర్థమైంది. మా నగరంలోని సర్వీసు కేంద్రంవారు ఇంతకుముందే పి 0128 అనే కోడును చూసి, దానిని చెరిపివేసి, కూలెంటు వేడిని కొలిచే సెన్సారు మార్చాలని, వైరింగుతో కలిపి 14,000 రూపాయలు అవుతుందని చెప్పారు. ఇంజను ఉండవలసిన వేడికి చేరడం లేదన్నదే ఆ కోడు అర్థం.

రేకుల షెడ్డు మేస్త్రీగారికి అరవై ఏళ్లుంటాయి. సాలూరు లారీ షెడ్లలో పని నేర్చుకుని ముప్పై ఏళ్ల కిందట ఇక్కడికి వచ్చారట. నేను సెన్సారు మాట ఎత్తగానే ఆయన రాత్రంతా ఆగి ఉన్న బండిలో పొద్దున్న రీడింగు ఎంతని అడిగారు. ఇంజను తిప్పకముందు కూలెంటు 9 డిగ్రీలు, లోపలికి పీల్చే గాలి కూడా 9 డిగ్రీలు చూపాయని చెప్పాను. "సెన్సారు అబద్ధమాడితే పొద్దున్న కూడా అబద్ధమే ఆడాలి కదేటి బాబూ, ఇది థర్మోస్టాట్ పని" అన్నారు. ఇంజను వేడెక్కేదాకా కూలెంటును రేడియేటరులోకి పోనివ్వకుండా ఆపే వాల్వే థర్మోస్టాట్. ఇంజను తిప్పించి రేడియేటరు పై హోసు పైపు మీద నా చెయ్యి పెట్టించారు. వాల్వు మూసుకుని ఉంటే ఇంజను బాగా వేడెక్కేదాకా ఆ పైపు చల్లగా ఉండి, తరువాత ఒక్కసారిగా కాలాలి; మాది మొదటి నిమిషాల నుంచే కొద్దికొద్దిగా వెచ్చబడింది. అంటే వాల్వు తెరిచే ఉండిపోయింది.

లారీలకైతే చలికాలంలో రేడియేటరు ముందు అట్టముక్క అడ్డం పెట్టి నెట్టుకొస్తారు. ఆ మాట నేనే అడిగాను. ఆయన లోపలికి తొంగిచూసి, బ్యాటరీ కరెంటును మోటారుకు అందించే ఇన్వర్టరును చల్లబరిచే రేడియేటరు కూడా అక్కడే ఉన్నదని, దానికి గాలి ఆడకపోతే థర్మోస్టాట్ ఖర్చుతో పోదని వద్దన్నారు. నారింజ రంగు హైవోల్టేజి తీగల జోలికి పోకుండా, బండి తనంతట తాను స్టార్టు కాకుండా తాళాన్ని పక్కనున్న టీకొట్టు అలమరలో పెట్టించి, కూలెంటు దింపి మూడు బోల్టులు విప్పారు. బయటికి వచ్చిన థర్మోస్టాటును ఎండకెదురుగా పట్టుకుంటే, మూసుకుని ఉండవలసిన పళ్లెం అంచున గోరంత సందులోంచి వెలుగు కనిపించింది. ఆ అంచుకు సున్నంలాంటి తెల్లటి పెచ్చు అంటుకుని ఉంది. నాకు ఈ బండి అమ్మినాయన కూలెంటుకు బదులు బోరునీళ్లు పోస్తూ వచ్చినట్టున్నాడు.

కొత్తది, దానితోపాటు గులాబీ రంగు కూలెంటు డబ్బా విశాఖ నుంచి రాత్రి బస్సు పార్సిలులో వచ్చాయి. లాడ్జికి మరో 2,800 సమర్పించుకున్నాము. కొత్తదాన్ని కూడా నమ్మకూడదని మేస్త్రీగారు పరీక్షకు సిద్ధమై గిన్నె అడిగితే, "దాన్లో రేపు నేను టీ కాయాలా వద్దా?" అని టీకొట్టు ఆమె కసిరింది. కూలెంటు విషం కనుక ఆమె మాటే సబబు. చివరికి రంగు డబ్బాలో నీళ్లు పెట్టారు. మూసిన వాల్వు సందులో ఒక దారం ఇరికించి, ఆ దారంతోనే థర్మోస్టాటును నీళ్లలో వేలాడదీసి, మల్టీమీటరు తీగను పక్కన ముంచారు. లోపలి మైనం కరిగి ఉబ్బి వాల్వును నెట్టినప్పుడు దారం వదులై థర్మోస్టాటు అడుగున పడాలి. దాని మీద 82 అని చెక్కి ఉంది. మీటరు 83 చూపుతుండగా టక్కుమని పడింది. నీళ్లు 97 దగ్గరే మరగడం చూసి నేను మీటరును అనుమానించాను గాని, అంత ఎత్తున నీళ్లు 100 దాకా పోవన్నది ఆ తరువాత తట్టింది.

బిగించడం తొందరగానే అయింది. గాలి బుడగలు పోవడానికి హీటరును పూర్తిగా తిప్పి, మధ్యలో ఇంజను ఆగకుండా మెయింటెనెన్స్ మోడ్‌లో ఉంచి, మట్టం తగ్గినప్పుడల్లా కూలెంటు పోశారు. ఇన్వర్టరుకు వేరే ఉన్న చిన్న ట్యాంకును ముట్టుకోలేదు. కూలి 600 రూపాయలు అడిగారు. వెయ్యి ఇస్తే 400 తిరిగి ఇచ్చారు.

కొరాపుట్ దాటి జయపురం ఘాటు దిగుతున్నప్పుడు నేను రోడ్డుకన్నా ఫోనునే ఎక్కువగా చూస్తున్నానని మా ఆవిడ దాన్ని లాక్కుంది. "84 ఉందండీ. ఇప్పుడూ 84. ఇంక చదవను" అని సంచిలో వేసుకుంది. తరువాతి మలుపులో ఇంజను ఆగిపోయింది. కిటికీ దించితే టైర్ల చప్పుడు మాత్రమే వినిపించింది.