మా పిన్ కోడ్‌ను విడగొట్టిన అనుభవం

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర మా జిరాక్స్ షాపు. దరఖాస్తులు నింపించుకోవడానికి వచ్చేవాళ్లకు పిన్ కోడ్ గడుల్లో 508001 అని రోజుకు ఎన్నిసార్లు రాస్తానో లెక్కలేదు. ఏడో తరగతి చదివే మా పాపకు 'ఒక పెద్ద సంఖ్య తీసుకుని దాని ధర్మాలు రాయండి' అని ప్రాజెక్టు ఇస్తే నా నోటికి ముందు వచ్చింది అదే.

బేసి సంఖ్య కాబట్టి 2తో పోదు. అంకెల మొత్తం 14, 3తో పోదు. చివర 1 ఉంది, 5తోనూ పోదు. 7తో భాగహారం మొదలుపెట్టబోతుంటే "ఆగు బిడ్డా" అని చిన్నప్పుడు మా లెక్కల సారు చెప్పిన పద్ధతి చూపించాను. సంఖ్యను 508, 001 అని రెండు ముక్కలు చేసి తీసివేస్తే 507. ఏడు, పదకొండు, పదమూడు కలిపి గుణిస్తే 1001. 508ని 1001తో గుణిస్తే 508508, అందులోంచి 507 తీసేస్తే మన సంఖ్యే! కాబట్టి ఈ మూడింటిలో 507 దేనితో పోతే 508001 కూడా దానితో పోతుంది. 7తో పోలేదు, 11తో పోలేదు. 13తో పోయింది. ఒక్క తీసివేతతో మూడింటి సంగతీ తేలిపోవడం చూసి పాప కళ్లు పెద్దవి చేసింది.

భాగఫలం 39077. మళ్లీ 13, తర్వాత 17, 19 చూశాం. పోలేదు. రాత్రి పది దాటింది. ఇది ప్రధాన సంఖ్యే అని రాయించి పడుకోబెట్టాను. నాకు మాత్రం నిద్ర పట్టలేదు, ఒకటే టెన్షన్. 197 వర్గం 38809. అంటే 197 వరకున్న ప్రధాన సంఖ్యలన్నిటితో చూడనిదే ఆ మాట రాయకూడదు. పిల్ల చేత తప్పు రాయించానే అని బాధేసింది.

పొద్దున షాపు తీయగానే, పాడైన జిరాక్స్ కాగితం వెనక 23తో మొదలుపెట్టాను. 39లో ఒకసారి, మిగిలింది 16. 160లో ఆరుసార్లు, మిగిలింది 22. 227లో తొమ్మిదిసార్లు, 207 పోతే 20. పక్కన 7 దించితే మళ్లీ అదే 207. శేషం సున్నా! భాగఫలం 1699.

సాయంత్రం పాపే 1699 పని పట్టింది. 43 వర్గం 1849, అది దాటిపోయింది కాబట్టి 41 దాకా చూస్తే చాలు. ఏదీ పోలేదు. 41 దగ్గర శేషం 18. ఈసారి ధైర్యంగా ప్రధాన సంఖ్య అని రాసింది.

508001 = 13 × 23 × 1699. మూడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు కాబట్టి భాజకాలు ఎనిమిది: 1, 13, 23, 299, 1699, 22087, 39077, 508001. వాటి మొత్తం 14 × 24 × 1700, అంటే 571200. విడిగా కూడితే కూడా అంతే వచ్చింది.

"డాడీ, మహబూబ్‌నగర్‌లో అత్తయ్య వాళ్లది 509001 కదా?" అంది. అంకెల మొత్తం 15, 3తో పోయింది. కొత్త కాగితం తీసుకుని 169667 అని రాసుకుంది.