యూవీ దీపం కన్నా ముందు తడిగుడ్డ

రోగి డిశ్చార్జి అయ్యాక ఆ గదిని మరొకరికి ఇచ్చేలోగా శుభ్రం చేయడం ఆసుపత్రిలో అన్నిటికన్నా తక్కువ గుర్తింపు దక్కే పని. ఆ పనిని యూవీ (అతినీలలోహిత కిరణాల) దీపాలున్న యంత్రానికి అప్పగిస్తే సరిపోతుందనే నమ్మకం ఈమధ్య బలపడుతోంది కనుక ఇది రాస్తున్నాను.

ఈ దీపాల సామర్థ్యం నిజమైనదే. పాదరసపు ఆవిరి దీపం నుంచి వెలువడే 254 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాలు సూక్ష్మజీవి డీఎన్‌ఏలో పక్కపక్కనున్న థైమిన్ అనే భాగాలను ఒకదానికొకటి అతుక్కునేలా చేస్తాయి. దాంతో అది వృద్ధి చెందలేదు. అయితే కిరణం నేరుగా తగలాలి. ఖాళీ అయిన మంచం దగ్గర నిలబడి, రోగి పట్టుకుని లేచే కమ్మీ అడుగున వేలు పోనిచ్చి చూడండి. ప్లాస్టర్ జిగురు, ఎండిన సెలైన్ మరక తగులుతాయి. ఆ పొర కిందనున్న బాక్టీరియాకు దీపం ఎంతసేపు వెలిగినా ఏమీ కాదు.

అమెరికాలోని తొమ్మిది ఆసుపత్రులలో 2012–14 మధ్య జరిగి, 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడిన అధ్యయనాన్ని నేను తరచూ గుర్తుచేస్తాను. మామూలు క్రిమిసంహారక ద్రావణంతో తుడిచిన తరువాత యూవీని కూడా వాడినప్పుడు, అదే గదిలో తరువాత చేరిన రోగులకు మందులకు లొంగని మొండి సూక్ష్మజీవులు సోకడం దాదాపు 30 శాతం తగ్గింది. బ్లీచింగ్ ద్రావణంతో తుడిచిన గదుల్లో మాత్రం యూవీని జోడించినా తీవ్ర విరేచనాలు కలిగించే క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా విషయంలో అదనపు ప్రయోజనం కనబడలేదు. అన్నిచోట్లా ముందు మనిషి చేయి తుడిచింది. యంత్రం ఆ తరువాతే వచ్చింది.

మన దేశంలో 2020లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో 43 వాట్ల దీపాలు ఆరింటితో ఒక యూవీ టవర్‌ను రూపొందించి, 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పున్న గదికి సుమారు పది నిమిషాలు చాలునని ప్రకటించింది. హైదరాబాద్‌లో ఆ సంస్థకే చెందిన ఆర్‌సీఐ ప్రయోగశాల ఫోన్‌ల కోసం యూవీ పెట్టెను తయారుచేసింది. పెట్టెలో వస్తువుకు అన్నివైపులా కిరణం తగిలేలా చూడవచ్చు. గదిలో అలా కుదరదు. మంచం నీడ, స్టాండు నీడ ఉంటాయి, దూరం పెరిగేకొద్దీ తీవ్రత వేగంగా పడిపోతుంది. అందుకే యంత్రాన్ని కనీసం రెండు చోట్ల నిలిపి నడపాలి.

ఆపరేషన్ థియేటర్ గోడలకు బిగించిన యూవీ ట్యూబుల గురించి నాకు మరింత ఆందోళన. మనకు కనబడే నీలివెలుగు క్రిములను చంపే కిరణం కాదు, ఆ కిరణం కంటికి కనబడదు. ట్యూబు పాతబడి శక్తి తగ్గినా ఆ నీలిరంగు అలాగే ఉంటుంది కాబట్టి, వాడిన గంటలు రాసిపెట్టి, మీటరుతో తీవ్రత కొలిచి, పైనున్న దుమ్మును క్రమం తప్పకుండా తుడవాలి.

ఈ దీపం వెలుగుతుండగా లోపలికి వెళ్లినవారికి అప్పటికప్పుడు ఏమీ తెలియదు. కొన్ని గంటల తరువాత కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది, చర్మం కందుతుంది. ఆ ప్రమాదం ఎక్కువగా ఎదుర్కొనేది పారిశుద్ధ్య సిబ్బందే కనుక, తలుపు తెరవగానే దీపం ఆరిపోయే ఏర్పాటు లేని యంత్రాన్ని ఏ ఆసుపత్రీ కొనకూడదని నా అభిప్రాయం.