తడిసిన తీర్మానాల పుస్తకం

ఆదివారం, రాత్రి పదిన్నర

కాళ్ళు లాగేస్తున్నాయి. పులిహోర గిన్నె ఇంకా వంటింటి గట్టు మీదే ఉంది. అడుగున రెండు పిడికిళ్ళు మిగిలింది, పొద్దున్నకి ఆయన తింటాడు. చీర కూడా మార్చుకోకుండా రాస్తున్నా, పడుకుని లేస్తే సగం మర్చిపోతాను.

ఇవాళ మా పొదుపు సంఘానికి పద్దెనిమిదేళ్ళు నిండాయి. పేరు రాయను. ఏదో ఒక అమ్మవారి పేరే, ఒక్క బెజవాడ సింగ్ నగర్‌లోనే ఆ పేరుతో ఇంకో పాతిక సంఘాలుంటాయి. 2007లో, పట్టణాల్లో పొదుపు సంఘాల్ని చూసే ప్రభుత్వ సంస్థ మెప్మా పెట్టిన ఏడాదే, మా వీధిలో పదిమందిమి నెలకు 50 రూపాయలతో మొదలుపెట్టాం. కాగితాల్లో ఏముంటేనేం, మా నోట ఇప్పటికీ 'డ్వాక్రా'నే.

నెల రోజులుగా గొడవంతా చీరలదే. వస్త్రలత హోల్‌సేల్ బట్టల మార్కెట్లో ఒకే రంగువి పది తీసుకుంటే ఒక్కోటి 420కి ఇచ్చారు. కొట్లో ట్యూబ్‌లైటు కింద మామిడిపండు రంగు. ఎండలోకొచ్చి చూస్తే ఆటో టాపు రంగు. టైలరు వదిన జాకెట్లన్నీ కూలీ తీసుకోకుండా కుట్టిపెట్టింది గానీ, ఎవరి కొలత ఎన్ని అంగుళాలు పెరిగిందో వీధంతా చెప్పేసింది. ఫ్లెక్సీలో లీడరక్క బొమ్మ పెద్దదై, మా మొహాలు బొట్టుబిళ్ళలంత అయ్యాయని ఇడ్లీ బండి పిన్ని అలిగింది. పదకొండింటిదాకా రాలేదు, వచ్చినా మూతి ముడుచుకునే కూర్చుంది.

సంఘాల్ని చూసుకునే మెప్మా ఆర్పీ (రిసోర్స్ పర్సన్) మాట్లాడింది, దండలు, ఫొటోలు అయ్యాయి. అందరూ ఎదురుచూసేది ఆ తర్వాతది. వార్షికోత్సవం నాడు పాత తీర్మానాలు చదవడం మాకు ఆనవాయితీ. లెక్కలు రాసేది నేనే కాబట్టి చదివేదీ నేనే.

ఆ పుస్తకం సంగతి రాయాలి. 2024 సెప్టెంబరు 1, అదీ ఆదివారమే. తెల్లారి లేచేసరికి బుడమేరు వాగు నీళ్ళు గుమ్మం ఎక్కుతున్నాయి. ఎగువన కట్టకి గండ్లు పడ్డాయని మాకు తర్వాత తెలిసింది. అవతల కృష్ణ కూడా నిండుగా ఉంది, బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులట, అంత వరద ఎన్నడూ లేదన్నారు. బియ్యం బస్తా, గ్యాసుబండ, పిల్లాడి సర్టిఫికెట్లు పక్కింటి డాబా మీదికి చేరవేసేసరికి నడుం లోతయ్యాయి. సంఘం పుస్తకం బీరువా కింది అరలో ఉందని రాత్రి డాబా మీద పడుకున్నాక గుర్తొచ్చింది. అప్పటికి బీరువా తలుపు సగం దాకా మునిగింది. మిలిటరీవాళ్ళు చివరి గండి పూడ్చింది వినాయక చవితి నాడు. ఆ తర్వాత గానీ మా వీధిలో నీళ్ళు తగ్గుముఖం పట్టలేదు.

దిగి చూస్తే పుస్తకం ఉబ్బి దిబ్బరొట్టెలా ఉంది. ఒక్కో కాగితం విడదీసి, పౌడరు చల్లి, ఫ్యాను కింద పదిరోజులు ఆరబెట్టా. బాల్‌పెన్నుతో రాసినవి నిలబడ్డాయి. మధ్యలో ఓ మూడేళ్ళు జెల్ పెన్ను మోజులో రాశాను, అవన్నీ కొట్టుకుపోయాయి. స్టాంపు ప్యాడు వేలిముద్రలయితే ఊదారంగు మరకలయ్యాయి. మొదటి పేజీలో మూడో పేరు ఎదురుగా అలాంటి మరకే, చివరింటి మామ్మది.

ఇవాళ చదువుతూ మొదటి అప్పు దగ్గరికొచ్చి ఆగిపోయాను. అంకె మీద బురద చార ఉంది. కళ్ళద్దాలు సర్దుకుంటుంటే మామ్మ కుర్చీలోంచే అందుకుంది.

"రెండు వేలు. పిండి గ్రైండరుకి. నూటికి రూపాయి వడ్డీ. ఐదో నెల వాయిదా ఎగ్గొట్టింది."

ఇడ్లీ పిన్ని అలక మర్చిపోయి లేచి నిలబడింది. "ఎగ్గొట్టడమేంటి మామ్మా! పిల్లకి టైఫాయిడొచ్చి ఆగాను. ఆరో నెల రెండూ కట్టలా?"

"కట్టావులే. కట్టలేదన్నానా?"

అక్కణ్ణించి పుస్తకం నా ఒళ్ళోనే ఉండిపోయింది. ఎవరు ఎప్పుడు ఎంత తీసుకున్నారో, మీటింగుకి ఎవరు రాకుండా పది రూపాయల జరిమానా కట్టారో, ఒకళ్ళు మొదలెడితే ఇంకొకళ్ళు దిద్దడం. 2014లో మాఫీ అవుతుందని ఊరంతా కంతులు ఆపితే మేమూ ఆపాం. చివరికి వడ్డీ పెరిగింది, బ్యాంకు సంఘానికి కొత్త లింకేజీ అప్పు ఇవ్వనంది. ఆ బాకీ తీర్చడానికి ఎవరు గాజులు తాకట్టు పెట్టారో కూడా వచ్చింది మాటల్లో. ఇద్దరు లేరిప్పుడు. వాళ్ళ లెక్కలు కూడా చెప్పారు, ఒక్క రూపాయి అటూ ఇటూ కాకుండా.

నాకు లోపల బెరుగ్గానే ఉంది. జెల్ పెన్ను పేజీల్లోనే నాదీ ఒకటుంది. 2015లో ఆయన ఆటో రిపేరుకని నూటికి పది వడ్డీకి 30,000 తెచ్చాడు. ఇలా అడ్డగోలు వడ్డీకిచ్చి జనాన్ని వేధించే బెజవాడ కాల్‌మనీ గొడవ పేపర్లకెక్కింది ఆ డిసెంబరులో. మా గుమ్మంలోకి వేసవిలోనే వచ్చింది, ఇద్దరు మనుషులు పొద్దున్నే వచ్చి మంచం మీద కూర్చునేవాళ్ళు. బ్యాంకు దారి మూసుకుపోయింది కాబట్టి సంఘంలో మిగిలిన పొదుపు డబ్బే అడిగాను. దేనికీ అంటే చీరల వ్యాపారానికన్నాను, పుస్తకంలోనూ అదే రాసుకున్నాను. వరదకి ఆ పేజీ తెల్లగా అయిపోయినప్పుడు, నిజం రాస్తున్నా, కాస్త హాయిగానే అనిపించింది.

మామ్మ నావైపు తిరిగింది. "చీరల వ్యాపారమని రాసుకున్నావు. ఒక్క జాకెట్టు ముక్కయినా అమ్మావటే?"

అందరూ నవ్వారు. టైలరు వదిన అయితే వంగి వంగి నవ్వింది. అంటే అప్పుడే తెలుసన్నమాట, పదిమందికీ. తెలిసే సంతకాలు పెట్టారు. ఆ వాయిదాలు కట్టిన రెండేళ్ళూ ఒక్కళ్ళూ నోరెత్తలేదు. నేనేమో వాళ్ళని నమ్మించానని మురిసిపోయాను. నవ్వాలో ఏడవాలో తెలీక నీళ్ళ గ్లాసులు అందించడానికి లేచాను.

భోజనాలయ్యాక మామ్మ స్టాంపు ప్యాడు తెమ్మంది, తన ముద్ర మళ్ళీ వేస్తుందట.

"నీకు సంతకం వచ్చుగా మామ్మా ఇప్పుడు."

"అప్పుడు రాదుగా. అప్పటి కాగితానికి వేలే వెయ్యాలి."

ప్యాడు ఎండిపోయింది. నాలుగు చుక్కల నీళ్ళు పోస్తే ముద్ర మళ్ళీ అలుక్కుపోయింది, ఇంకో మరక. ఆవిడకి అదే చాలట. వేలు తీసుకెళ్ళి కొత్త చీర కొంగుకి తుడిచింది. 420 రూపాయల చీర!

ఖర్చులు పోను 340 మిగిలింది, పొదుపులో జమ వేశాం. వచ్చేటప్పుడు లీడరక్కని పక్కకి పిలిచి అడిగాను. పాతవన్నీ కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తున్నా కదా, 2012 దాకా అయింది, నా అప్పు దగ్గరికొచ్చాక కారణం గడిలో ఏం రాయమంటావని.

"చీరల వ్యాపారమనే రాయవే, మెప్మా కంప్యూటర్లో అదే ఉంది" అని స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది.