పెద్ద చెరువు గట్టు మీద ఒక పూట

విశాఖలో పొద్దున్నే పాసింజరు ఎక్కి విజయనగరంలో దిగాను. స్టేషన్ ఎదురుగానే వనంగుడి. పైడితల్లమ్మకు దణ్ణం పెట్టుకుని, దారిలో రెండిడ్లీ తిని, పెద్ద చెరువుకు నడిచాను. అమ్మవారి విగ్రహం దొరికింది ఈ చెరువులోనే అంటారు, 1757లో, బొబ్బిలి యుద్ధం జరిగిన ఏడాదే. అమ్మవారి సిరిమాను జాతర అయ్యాక తెప్పోత్సవం కూడా ఇక్కడే.

గట్టెక్కి చూస్తే ఓ పక్కంతా పచ్చగా ఉంది. వరి చేననుకునేరు, నీళ్ల మీద తేలే గుర్రపు డెక్క! మురుగులో వచ్చే నత్రజని, భాస్వరమే దానికి ఎరువు. పీకి పారేసినా, కాలవలో మురుగు ఆగనంతకాలం కొన్నాళ్లకే మళ్లీ కమ్మేస్తుంది. అందుకే ఏ చెరువుకెళ్లినా నేను ముందు చూసేది నీళ్లు వచ్చే దారి.

ఈ పిచ్చి బెంగళూరు జక్కూరు చెరువు చూశాక పట్టుకుంది. అక్కడ మురుగును ప్లాంటులో శుద్ధి చేసి కూడా నేరుగా చెరువులోకి వదలరు. జమ్ము, తుంగ పెరిగిన చిత్తడి నేల గుండా మెల్లగా పారిస్తారు. వేళ్లను అంటుకున్న సూక్ష్మజీవులు మిగిలిన మురికిని తినేస్తాయి, మొక్కలు నత్రజనిని లాక్కుంటాయి. వినాయకుడి బొమ్మల నిమజ్జనానికి పక్కనే వేరే కల్యాణి, అంటే చిన్న కోనేరు. ఇంత చేసినా అక్కడా డెక్క మొలుస్తూనే ఉంటుంది, అది వేరే గొడవ.

ఇక్కడ ఓ కాలవ చెరువులో కలిసే చోట కాస్త ఖాళీ జాగా కనిపించింది. జమ్ము వేస్తే ఎన్ని గజాలు వస్తుందా అని అడుగులతో కొలుస్తుంటే, గాలం వేసుకు కూర్చున్న తాత పిలిచాడు.

"ఏటి బాబూ, సర్వేకొచ్చారా?"

"లేదు తాతా, నీళ్లు ఎట్నుంచి వస్తున్నాయో చూస్తున్నా."

"వానొస్తే వాన నీల్లు, నేకపోతే మా ఇల్లల్లో వాడుక నీల్లు. చిన్నప్పుడు ఇందులోనే ఈతలాడినాం."

వానొస్తే అన్నాడు గానీ, నేను నడిచొచ్చిన దారి చూస్తే ఆ వాన నీళ్లయినా శుభ్రంగా వస్తాయన్న నమ్మకం నాకు కలగలేదు. అటూ ఇటూ గచ్చు, సిమెంటు పలకలు. ఏటా వెయ్యి మిల్లీమీటర్ల పైనే కురిసే జిల్లాలో చినుకు భూమిలోకి ఇంకడానికి సందే లేదు. రోడ్డు మీది నూనె, చెత్త కడుక్కుంటూ ఒక్క ఉరుకున వచ్చి చెరువులో పడుతుంది. రోడ్డు వారనే కాస్త పల్లంగా మట్టి వదిలి గడ్డి పెంచితే కొంత నీరైనా అక్కడే నిలిచి ఇంకుతుంది. దానికి పెద్ద ఖర్చు కూడా ఉండదు.

అంతలో గాలం కదిలింది. జానెడు చేప.

"ఈ పూట కూర దొరికింది తాతా," అన్నాను.

"కూరా? మా పిల్లికి బాబూ," అని సంచిలో వేసుకున్నాడు.